తలుపు సందు ఎండ

యరగేరలో మా పక్కింటి పెద్దమ్మను తలచుకుంటే, ముఖం కన్నా ముందు ఆమె వేళ్లు గుర్తొస్తాయి. కోడిని పొదగబెట్టిన కొన్నాళ్లకు ఆమె గది తలుపు మూసి, సందులోంచి పడే ఎండకు గుడ్లను ఒక్కొక్కటిగా పట్టి చూసేది. లోపల సాలెపురుగు కాళ్లలా ఎర్రటి నరాలు, వాటి నడుమ అదిరే చుక్క కనిపిస్తే "ఉన్నది" అని గుడ్డు మీద మెల్లగా ఊదేది. నరాలు చెదిరి నెత్తురు ఉంగరంలా మిగిలి ఉంటే, పిల్ల మొదట్లోనే పోయినట్టు. ఆ గుడ్డును కూడా పెద్దమ్మ మళ్లీ కోడి కిందికే తోసేది.

"కుళ్లి పగిలితే తక్కినవి గూడ ఖరాబైతయి గద పెద్దమ్మా?" అన్నాను ఒకసారి.

"తల్లికి గిప్పుడే చెప్పకు బిడ్డా. ఇంగ జరసేపు కూసోనీ."

ఆమెకు పిల్లలు నిలవలేదని మా అమ్మ చాలాకాలం తర్వాత చెప్పింది.

మొన్న రాయచూరులో, చీకటి చేసిన స్కానింగు గదిలో, డాక్టరమ్మ నా కడుపు మీద మిషను అటూ ఇటూ జరుపుతూ చాలాసేపు వెతికింది. తర్వాత తెరను తనవైపు తిప్పుకుని, నా ముఖం చూడకుండా, "ఇంకా జరసేపు పడుకోమ్మా" అంది.

నాకు తెలిసిపోయింది. అయినా కడుపు మీద రెండు చేతులూ కప్పుకుని, కదలకుండా పడుకున్నాను.