నేను కుట్టుకున్న గ్లవ్స్

ఆ రోజు షేర్వానీకి కాజాలు కుడుతుంటే సూది జారిపోయింది. కుడిచేతి చిటికెన వేలు తిమ్మిరెక్కింది, ఎంత విదిలించినా పోలేదు. తిరుపతిలో టైలర్ని నేను. చేతికాజాలకే నా దగ్గరికి వస్తారు.

షుగర్ ఉంది, అందుకే అనుకున్నాను. ఆ షుగర్ కోసమే రోజూ వడమాలపేట దాకా రోడ్ బైక్ తొక్కేవాణ్ణి. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది, నాకంటే పొడుగాయనది. దాని హ్యాండిల్ అందాలంటే మోచేతులు చాచి, ఒంటి బరువంతా అరచేతుల మీద మోపాల్సిందే. కస్టమర్ చొక్కా అర అంగుళం తేడా వస్తే విప్పి కుట్టే నేను, నా సైకిల్ కొలత మాత్రం చూసుకోలేదు.

అరచేతి అంచు నొప్పెడితే నాకు తెలిసిన వైద్యం చేశాను. కోటు భుజాలకు వేసే ప్యాడ్ కత్తిరించి, సైకిల్ తొక్కేటప్పుడు వేసుకునే గ్లవ్స్‌లో సరిగ్గా నొప్పి ఉన్నచోట పెట్టి కుట్టుకున్నాను. మెత్తగా ఉందని మురిసిపోయి ఇంకా దూరం తొక్కాను.

తర్వాత కత్తెర పట్టు సడలింది. చిటికెన వేలు పక్క వేలిని చేరడం మానేసింది. నా భార్య షమీమ్ భయపడింది. "ముద్ద గూడా నిలబడ్లేదే మీ చేతిలో! ఆస్పత్రికి పాండి."

న్యూరాలజీ డాక్టరమ్మ నా వేళ్ల మధ్య కాగితం పెట్టి లాగింది. వేళ్లు ఎంత బిగించినా వచ్చేసింది. నరాల పనితీరు చూసే నర్వ్ కండక్షన్ టెస్ట్ అయ్యాక, "ఇది షుగర్ కాదు భాయ్. చిటికెన వేలికి పోయే అల్నర్ నరం మణికట్టు దగ్గర నొక్కుకుపోయింది" అని, నా గ్లవ్స్ తీసుకుని ప్యాడ్ నొక్కి చూసింది. "సరిగ్గా నరం మీదే పెట్టి కుట్టినారే!"

"మళ్లీ కాజా కుడతానా అమ్మా?"

"కండరం కొంత పోయింది. చూద్దాం. ముందు సైకిల్ ఆపండి."

మణికట్టు కదలకుండా స్ప్లింట్ వేశారు, ఫిజియోథెరపీ మొదలైంది. తిమ్మిరి తగ్గిందని ఆగలేక ఒకసారి అదే సైకిల్ తీశాను. మర్నాటికి పట్టు మళ్లీ పోయింది. షమీమ్ నాతో మాట్లాడటం మానేసింది.

ఇప్పుడు హ్యాండిల్ పైకి లేపించి, దగ్గరికి జరిపించాను. మోచేతులు కాస్త వంచి, చేతుల చోటు మారుస్తూ కొంచెం దూరమే తొక్కుతున్నాను. చిటికెన వేలు తిమ్మిరెక్కితే దయచేసి మెత్తలు పెట్టకండి. సైకిల్ దిగండి, డాక్టరుకు చూపించండి, హ్యాండిల్ మీ కొలతకు సరిచేయించుకోండి.

నా చెయ్యి కత్తెర పట్టేంత వచ్చింది, పూర్తిగా రాలేదు. కత్తిరింపు నాది, కాజాలు నన్ను చూసి నేర్చుకున్న షమీమ్‌వి. మొన్న పాత కస్టమర్ ఒకాయన కాజా తడిమి, "భాయ్, నీ చెయ్యి చెయ్యేబ్బా! ఇట్లా ఇంగెవురు కుడతారు!" అన్నాడు. కుట్టింది నేను కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. లోపల వింటున్న షమీమ్ తర్వాతి కాజాకు సూదిలో దారం ఎక్కించుకుంది.