నా కోసం ఉన్న ఉపవాసాలు

మిలిటరీ నుంచి రిటైరై సుల్తానాబాద్ వచ్చిన మొదటి ఆదివారమే చర్చిలో నన్ను ముందు బెంచీలో కూర్చోబెట్టారు. పక్కనే కొత్త చీరలో నన్ను కన్న అవ్వ, నేనేదో కోట గెలిచి వచ్చినట్టు. ఆరాధన అయ్యాక సాక్ష్యం చెప్పమన్నారు. దేవుడు తనకేం మేలు చేశాడో లేచి నిలబడి చెప్పుకోవడం మా సంఘంలో మామూలే.

నేను సైన్యంలో వంటవాణ్ణి. ఉద్యోగమంతా సరిహద్దుకు చాలా దూరంలో, వంటశాలలోనే గడిచింది. తుపాకీ ఏడాదికోసారి పట్టుకునేవాణ్ణి, మిగతా రోజులన్నీ గరిటే. ఈ సంగతి అవ్వకు చెప్పాను. ఊరికి చెప్పే పని ఆమెకే వదిలేశాను.

పాస్టరు నన్ను పరిచయం చేస్తూ, సరిహద్దులో గొడవని టీవీలో వచ్చినప్పుడల్లా సంఘంలోని ఆడవాళ్లు నా ప్రాణం కోసం శుక్రవారాలు ఉపవాసం ఉన్నారని చెప్పాడు. ఆ శుక్రవారాల్లో నేను మటన్ వండి, ఉప్పు చూసే వంకతో అందరికంటే ముందే రెండు ముక్కలు తినేవాణ్ణి.

నిజం చెబుదామనే లేచాను. అవ్వ తలెత్తి చూసింది. నా నోట్లోంచి మా రెజిమెంట్ చేసిన యుద్ధాలు వచ్చాయి. వాటి పేర్లు భోజనాల గది గోడ మీద రాసి ఉండేవి, రొట్టెలు వడ్డిస్తూ వడ్డిస్తూ అన్నీ కంఠతా వచ్చేశాయి. ఫిరంగుల మోత, కొండలెక్కడం, తెల్లవారుజామున దాడి. సగం నేను పుట్టకముందువి. అయినా ‘మేము’ అన్నాను. సిగ్గుతో చెవులు కాలిపోతున్నా నోరు ఆగలేదు.

బయటికి రాగానే కాళ్లు వాచిన ఒక ముసలమ్మ నా చేతులు కళ్లకద్దుకుంది. షుగరున్నా నా కోసం ఉపవాసం మానలేదట, ఒకసారి కళ్లు తిరిగి పడిపోయిందట, పక్కామె చెప్పింది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇంటికొచ్చి అవ్వ మీద విరుచుకుపడ్డాను. నేను వంట చేస్తానని తెలిసి కూడా వాళ్లకెందుకు చెప్పలేదని అడిగాను. ఆమె కొత్త చీర మడతపెడుతూ నింపాదిగా అంది.

“యుద్ధమంటే నాకు బుగులైతుండె బిడ్డా. నేనొక్కదాన్నే ఎంతని ప్రార్థన జేస్త? వంటోని కోసం ఎవలు ఉపాసముంటరు?”

వంటవాణ్ణని నిండు చర్చిలో చెప్పుకోలేకపోయినవాణ్ణి, ఆమెను ఏమని నిలదీయను?