కిటికీలో మావయ్యగారు

మందుల షాపు పెద్దాయనకున్న పిచ్చి ఒక్కటే. షాపులో ఎవరైనా సీసా కొనుక్కుపోతే కాసేపటికి వాళ్ల కిటికీలో తేలేవాడు. తలుపు కొట్టడు, పలకరించడు. ఊచల అవతల పాలిపోయిన ముఖం, రెప్ప వెయ్యని కళ్లు, అంతే.

పైగా ఆ కంపు! ఎసిటైల్ సిస్టీన్ అనే అమైనో ఆమ్లం క్యాప్సూల్స్ కోసం జనం ఎగబడుతున్న రోజులవి. కఫం పలచబడుతుందని కొందరు, యాంటీఆక్సిడెంట్ కదా, ఒంటికి మంచిదని కొందరు. మూత తీస్తే మాత్రం కుళ్లిన కోడిగుడ్డే. చేతికందిన ప్రతి సీసా మూత తీసి చూసే పెద్దాయన చొక్కాకి ఆ వాసన పట్టేసింది. ముందు కంపు వచ్చేది, వెనకాల ఆయన. ఇంట్లో దయ్యం తిరుగుతోందని ఓ టీచరమ్మ ఇల్లు ఖాళీ చెయ్యబోయింది కూడా.

షాపు నడిపే కోడలికి ప్రాణం విసిగిపోయింది.

“మావయ్యగారూ, జనం జడుసుకుని వేరే షాపుకి పోతున్నారు. ఇలాగైతే మనం షట్టర్ దించుకోవాల్సిందే.”

“ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని వాళ్లని అడుగుతావు కదమ్మా?”

“అడుగుతాను.”

“ఏమంటారు?”

“లేదంటారు.”

“అందరూ అదే అంటారు,” అని పెద్దాయన నవ్వాడు. ఆ నవ్వుకి కోడలి ఒళ్లు జలదరించింది.

మబ్బు పట్టిన ఓ మధ్యాహ్నం టైలర్ వచ్చి రెండో సీసా పట్టుకెళ్లాడు. ఇంకే మందులూ లేవన్నాడు. పెద్దాయన చప్పుడు లేకుండా లేచి బయటికి జారుకున్నాడు. ఈసారి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేద్దామని కోడలు షాపు మూసి బయల్దేరింది.

టైలర్ వీధిలో నరపురుగు లేదు. కుట్టుమిషన్ చప్పుడూ లేదు. కిటికీ దగ్గర పెద్దాయనా లేడు. కంపు మాత్రం లోపలినుంచి వస్తోంది. కోడలు తలుపు తోసింది. తలల్లేని కోట్లు వరసగా వేలాడుతున్నాయి. వాటి కింద టైలర్ వెల్లకిలా పడి ఉన్నాడు. పెద్దాయన అతని కాళ్లు స్టూలు మీదకెత్తి పెడుతున్నాడు.

“అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యమ్మా! గుండెనొప్పికి నాలిక కింద పెట్టుకునే మాత్రలు అవిగో, కిటికీ గూట్లో. ఈ క్యాప్సూల్స్ వాటితో కలిస్తే బీపీ బాగా పడిపోవచ్చు.”

టైలర్ కళ్లు తెరిచాడు. “నేను పోయానా?”

“పోలేదు. కదలకు.”

“మరి ఈ కంపేంటి?”

కోడలికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. “అడిగితే లేదన్నారేమండీ?”

“చెబితే ఇవ్వరేమోనని...”

“అందుకే నేను అడగనమ్మా, చూస్తాను. మందులు కిటికీల్లోనే పెడతారు కదా,” అన్నాడు పెద్దాయన.

ఆస్పత్రిలో డాక్టరు క్యాప్సూల్స్ మాన్పించి, ఏం వాడినా ముందు తనకి చెప్పమన్నాడు. టైలర్ కోలుకున్నాక అతని భార్య షాపుకొచ్చి సంచీ బోర్లించింది.

“మా ఇంట్లో మందులన్నీ ఇవేనండీ. మీకు పుణ్యముంటుంది, ఆయన్ని మాత్రం కిటికీ దగ్గరికి పంపకండి!”

ఆమె వెనక ఇంకో నలుగురు సంచులతో నిలబడ్డారు. పెద్దాయన మొహం వేలాడేశాడు.

“దిగులు పడకండి మావయ్యగారూ, ఊళ్లో ఇంకా అబద్ధాలకోరులు మిగిలే ఉంటారు,” అని కోడలు ఆయన చేతికి గొడుగందించింది.