ఐసుపెట్టెలో హార్డ్ డిస్కు

గోదావరి నీళ్ళ మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. నవ్వితే నవ్వండి గానీ అనుమానించకండి.

తాడేపల్లిగూడెంలో నాకు డీటీపీ షాపు ఉన్న రోజులు. కొత్త కంప్యూటరు కొన్నాను గానీ, నా చేతికి అలవాటైన పాత తెలుగు టైపు సాఫ్ట్‌వేరు అందులో నడవనని మొరాయించింది. దాంతో కొత్తదాని లోపలే సాఫ్ట్‌వేరుతోనే తయారైన ఒక ఉత్తుత్తి పాత కంప్యూటరుతో దానికి కాపురం పెట్టించాను. దానికో ఉత్తుత్తి హార్డ్ డిస్కు. బయటినుంచి చూస్తే అదొక్క పెద్ద ఫైలు, లోపలికి వెళితే నిండు సంసారం.

పెంటపాడు నుంచి రిటైరైన టీచరుగారొకరు వచ్చేవారు. వాళ్ళమ్మ నాట్లేస్తూ పాడిన యేసు పాటలు ఆవిడకి నోటికి వచ్చు. కాగితం మీద ఎన్నడూ పెట్టలేదు. ఆవిడ నా పక్కన కూర్చుని పాడేవారు, నేను టైపు చేసేవాణ్ణి. క్రిస్మస్‌కి పుస్తకం చేతిలో ఉండాలని ఆవిడ కోరిక.

"ఏవండీ, ఈ మిషను పాడైపోతే నా పాటలేమవుతాయండీ?"

"గట్లు వేశానండి," అన్నాను దర్జాగా.

అసలు డిస్కుని లోపల్లోపలే ముక్కలుగా విడగొట్టి, పాటలున్న ఆ పెద్ద ఫైలు ఒక ముక్కలో, దాని కాపీ ఇంకో ముక్కలో దాచాను. కొల్లేటి దగ్గర చేపల చెరువులు చూసినవాణ్ణి మరి. ఒక చెరువుకి తెగులొస్తే గట్టవతల చేపలు బతుకుతాయి.

ఒక మధ్యాహ్నం డిస్కు టిక్కుటిక్కుమంది. ఆపైన ఏ ముక్కా తెరుచుకోలేదు. గట్లెన్ని వేసినా కింద ఉన్న డిస్కు ఒకటేనని అప్పుడు తట్టింది.

కుదురుగా కూర్చోలేకపోయాను. వీధిలో రిక్షా ఆగితే ఆవిడే అనుకుని లేచాను. కరెంటు పోతే కాస్త ఊరట, వస్తే మళ్ళీ దడ. షట్టరు దించి, డిస్కుని తువ్వాల్లో చుట్టి, స్కూటరు మీద ఏలూరు వెళ్ళాను.

"వేడికి బిగుసుకుందండి. చల్లబడితే కాసేపు తిరుగుతుందేమో," అన్నాడు రిపేరాయన.

తిరుగుదారిలో గుండుగొలను దగ్గర ఆగాను. అక్కడ మా బావది చేపల ప్యాకింగు షెడ్డు.

"ఇదేం చేప, బావా? కలకత్తా లోడుకి ఎక్కించమంటావా?"

"నోరుమూసుకుని ఐసు పొయ్యి."

ప్లాస్టిక్ కవర్లో కట్టి, ఐసుపెట్టెలో బొచ్చె చేపల మధ్య పాతిపెట్టాం. తీసి వాళ్ళ ఆఫీసు కంప్యూటరుకి తగిలిస్తే గుర్రుమని తిరిగింది. ఫైలు మొత్తం బయటికొచ్చాక ప్రాణం వదిలింది. పాటలన్నీ ఉన్నాయి, కాస్త నీచువాసనతో.

ఇక ఒట్టు సంగతి. చల్లబరచమన్న మాట దగ్గర్నుంచీ నా కల్పనే. మా బావ నిజం, అతని నోరూ నిజం. డిస్కు మాత్రం ఏలూరులో బల్ల మీదే పోయింది.

మర్నాడు పెంటపాడు వెళ్ళి చెప్పాను. "సరేలెండి, మళ్ళీ పాడతాను. ఏ పూటది ఆ పూటే కాగితమ్మీద తీసి ఇచ్చెయ్యండి," అన్నారు టీచరుగారు.

పాడారు. ఒక పాట మాత్రం మొదటి చరణం దగ్గరే ఆగిపోయింది. ఆవిడ కళ్ళు మూసుకుని ఎంత వెతుక్కున్నా మిగతాది రాలేదు. టైపు చేసినవాణ్ణి, నాకూ గుర్తు లేదు. పుస్తకంలో ఆ పేజీ సగం తెల్లగానే వదిలేశాం. ఆ సగం తిరిగి రావడానికి నాకు ఈ ఐసుపెట్టె కథ తప్ప వేరే దారి తోచలేదు.