నెల తప్పడం

తెలుగులో నెల తప్పిందంటే కడుపొచ్చిందనే. పెళ్లికాని పిల్లకి ఊరికే నెల ఆగిపోతే చెప్పుకోవడానికి వేరే మాట లేదు. ఎండుచేపల్లో రకానికో పేరు పెట్టుకున్నవాళ్లం, దీనికి మాత్రం ఇంకో మాట పుట్టించలేకపోయాం.

నేను పలాసలో డిగ్రీ చదువుతుండగా నాకు ఆగిపోయింది. ఉద్దానంలో మాది జీడితోటలున్న ఇల్లు. నాన్న ఊళ్లో పెద్దమనిషి. మా ఇంట్లో అన్నం కన్నా పరువే ఎక్కువ వడ్డించేవారు. బయట చేరిన ఆడది వెనక వసారాలో చాప మీద కూచోవాలి. కూచుంటే ఊరికి తెలుస్తుంది, కూచోకపోతే ఇంకా బాగా తెలుస్తుంది. కోటబొమ్మాళి నుంచి వచ్చి మా ఇంట్లోనే తిష్ఠ వేసిన మేనత్తకి ఇదొక్కటే పని, ఎవరెప్పుడు కూచున్నారో చూడటం.

అందుకని ఏమీ లేకపోయినా నెలనెలా వెళ్లి చాప మీద కూచున్నాను. కంచంలో అన్నం ఎత్తు నుంచి పడేసేవారు. ఏ మైలా లేని నన్ను చూసి చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, అంత భక్తిగా తప్పుకుని నడుస్తుంటే నవ్వొచ్చేది. వాళ్ల మడి పాటి అక్కడే తెలిసిపోయింది.

కానీ రానురాను ఒళ్లు బరువెక్కింది. దువ్వెన నిండా జుట్టే. వేసవిలో కూడా దుప్పటి కావలసొచ్చేది. బస్సు దిగి ఇల్లు చేరేసరికి ఆయాసం. భయమేసి అమ్మకి చెప్పేశాను, నెలల తరబడి రావడం లేదని.

"ఎవుడే ఆడు?" అంది అమ్మ.

"ఎవరూ లేరు."

"మరి సాప మీద కూకున్నావు కదే!"

"ఊరికే కూకున్నాను."

మేనత్త బుగ్గలు నొక్కుకుంది. "నాను ముందే సెప్పినాను వొదినా, సదువులకి పంపొద్దని."

ఒంట్లో ఎలా ఉందని ఒక్కరూ అడగలేదు. పలాసలో అయితే తెలిసినవాళ్లు చూస్తారని టెక్కలి తీసుకెళ్లారు. అక్కడ డాక్టరమ్మ ముందుగా మూత్రపరీక్ష చేయించి, గర్భం లేదంది.

అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుని దండాలు పెట్టింది. మేనత్త అప్పుడే చెప్పులు తొడుక్కుంటోంది. "ఏటీ నేదంట కదా, లెగు, బస్సెలిపోద్ది."

"గర్భం లేకపోతే ఎందుకాగిందో చూడొద్దా?" అంది డాక్టరమ్మ. "థైరాయిడ్ కావచ్చు, అండాశయాల్లో తేడా కావచ్చు. తిండి బాగా తగ్గినా, దిగులు పడ్డా ఆగుతుంది. మూడు నెలలు వరసగా రాకపోతే పెళ్లయినా కాకపోయినా చూపించుకోవాలి. ఈ పిల్ల వాలకం చూస్తే థైరాయిడ్ అనిపిస్తోంది. రక్తపరీక్ష చెయ్యాలి."

"పెళ్లయితే అదే సర్దుకుంటాదండి," అంది అమ్మ.

నాకు జబ్బుందన్న మాట వాళ్ల చెవికెక్కనే లేదు. నేను చెడిపోలేదని తేలింది, వాళ్లకి అదే ఆరోగ్యం. ఇద్దరూ గుమ్మం దగ్గర నిలబడి రమ్మని పిలుస్తున్నారు. నేను కుర్చీలోంచి లేవలేదు. చేతి గాజులు పైకి తోసుకుని, సూదికి చెయ్యి చాపాను.