బతికుండగానే చెక్కించుకున్న రాయి

ఎనభైల మొదట్లో ఒక వేసవిలో నేను నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు వెళ్లింది దేవదానాన్ని చూడడానికి. ఇద్దరం నంద్యాలలో ఒకే గదిలో ఉండి టీచరు ట్రైనింగు చదివాం. నేనతణ్ణి దానం అనే పిలిచేవాణ్ణి. అతను ఇక ఎక్కువ రోజులు ఉండడని కబురొచ్చింది. పొద్దున్నే బస్సెక్కితే శిరివెళ్ల మీదుగా గంటన్నరలోపే ఆళ్లగడ్డ. టికెట్టు మూడు నాలుగు రూపాయలు.

బస్టాండు నుంచి విగ్రహాలు చెక్కే వీధిగుండా నడుస్తున్నాను. ఒకచోట గోడకు ఆనించిన సమాధిరాయి మీద దానం పేరుంది. కింద పుట్టిన సంవత్సరం, చనిపోయిన సంవత్సరం.

"ఎప్పుడు పోయినాడప్పా?" అని శిల్పిని అడిగాను.

"యాడ పోయినాడు సార్? మొన్న ఆయనే వచ్చి చెక్కించుకున్యాడు. ఈ ఏడే పోతాడంట. వద్దంటే వినల్యా."

చర్చి పక్క సందులో ఇల్లు. దానం మంచం మీద కూర్చుని వేరుశనక్కాయలు వలుస్తున్నాడు. మనిషి దుక్కలా ఉన్నాడు.

"రాప్పా, కూచో. మా నాయన నలభై ఎనిమిదికే పోయినాడు. నాకిప్పుడు నలభై ఎనిమిది."

"డాక్టరేమన్నాడు?"

"ఏం లేదన్యాడు. ఆయనకేం తెలుస్తాది?"

బడికి సెలవు పెట్టేశాడు. చేను బీడు పెట్టాడు. కూతురు నర్సు చదువుకు పోతానంటే, నేను పోయినాక నిన్నెవరు చదివిస్తారని ఆపేశాడు. వంటింట్లో నాకు జొన్నరొట్టె వడ్డిస్తూ అతని భార్య శాంతమ్మ మెల్లగా అంది: "ఆయనింగా సావలేదన్నా. నేను మాత్రం మూడేండ్ల నుంచి ముండమోసిన దాని మాదిరే బతుకుతాండా."



ఆ ఏడు గడిచింది. దానానికి ఏమీ కాలేదు. సంతోషంగా ఉంటాడనుకుని మళ్లీ వెళ్లాను. శాంతమ్మ అతణ్ణి అడగకుండానే చేను కౌలుకిచ్చి, కూతుర్ని చదువుకు పంపింది. అతను మాత్రం ఆ మంచం మీదే ఉన్నాడు.

"గండం గడిచింది కదప్పా," అన్నాను.

"మా తాత యాభై రెండుకు పోయినాడు," అన్నాడు, నా వైపు చూడకుండా.

తిరుగు బస్సులో చాగలమర్రి నుంచి వస్తున్నవాళ్లు ఏవేవో మాట్లాడుకుంటున్నారు. నా చెవికేదీ ఎక్కలేదు. దానాన్ని ఏ జబ్బూ పట్టలేదు, ఎవరూ పగబట్టలేదు. భయం అబద్ధమని తేలినా దాన్ని వదులుకోలేక, ఇంకో భయాన్ని వెతికి తెచ్చుకున్నాడు. చావు అతని దగ్గర తీసుకోనిదంతా అతనే ఇచ్చేశాడు. ఆళ్లగడ్డ వెళ్లేవాళ్లు పొద్దున బస్సుకే బయలుదేరండి. మధ్యాహ్నం ఆ ఎండలో వీధులు తిరగలేరు.