నూకపిండి గీత

శివరాత్రి వెళ్లిన మరుసటి ఆదివారం, పొద్దున తొమ్మిదీ పావు. సంవత్సరం డెబ్బై తొమ్మిది. ఆట ముగియడానికి ఇంకా ఐదు నిమిషాలున్నాయి కాబట్టి చేతి గడియారం వంకే చూస్తున్నాను. అందుకే టైము అంత గట్టిగా చెప్పగలుగుతున్నాను. మా జట్టు ముందు వరసలో ఎడమపక్క, లెఫ్ట్ ఇన్ ఆడే పిల్లవాడు కొట్టిన బంతి గోల్ పలకకు తగిలి డబ్బుమని మోగింది. నా ఉద్యోగం నిలబడిందని అనుకున్నాను.

నేను హాకీ ఆడి బతికినవాణ్ణి. హైదరాబాద్‌లో ఒక ఫ్యాక్టరీ వాళ్లు జీతమిచ్చి తమ జట్టులో ఆడించుకున్నారు. మెషీను దగ్గర నిలబడ్డది తక్కువ, గ్రౌండు మీద ఉరికింది ఎక్కువ. మోకాలు పోయాక వాళ్లకు నాతో పని లేకపోయింది. స్టేషన్ ఘన్‌పూర్ పక్క మా ఊరికి వచ్చి మడి దున్నుకుంటుంటే, వరంగల్ కాలేజీలో హాకీ నేర్పే మనిషి కావాలని కబురు వచ్చింది. ప్రిన్సిపాల్ సారు నా ఆట చూసినవాడు. ఆయనే పిలిపించాడు. కానీ కాలేజీ కమిటీలో ఒక పెద్దమనిషి ఒప్పుకోలేదు. జీతం తీసుకోవడానికి వేలిముద్ర వేసేవాడు కాలేజీలో ఎట్లా నేర్పుతాడన్నాడు. అందులో తప్పేమీ లేదు. నాకు అప్పటికి అక్షరం ముక్క రాదు.

ప్రిన్సిపాల్ సారు మధ్యేమార్గం చూశాడు. నన్ను పిలిచి సూటిగా చెప్పాడు.

"ఈ ఏడాది ఇంటర్ కాలేజీ కప్పు తే. తెస్తే నిన్ను ఎవలు కదిలియ్యరు. తేకపోతే నేను గుడ తప్పియ్యలేను. ఫికర్ జేస్తే కాదు, ఆడిపియ్యి."

ఫైనల్ దాకా వచ్చాం. ఫైనల్ మా గ్రౌండు మీదనే. మొరం నేల, గడ్డిపోచ లేదు. గీతలకు సున్నం కావాలని శనివారం సాయంత్రం స్టోరుకు పోతే, వార్షికోత్సవానికని ఉన్న సున్నమంతా గోడలకు కొట్టేశారు. స్టోరు చూసే ఆయన సోమవారం తెప్పిస్తానన్నాడు. ఫైనల్ ఆదివారం కదా అంటే, "గది నాకు ముందుగాల జెప్పాలె," అన్నాడు.

ఇంటికి వచ్చి తల పట్టుకుని కూర్చున్నాను. మా ఆమె చేటలో నూకలు చెరుగుతోంది.

"సున్నం లేకుంటే ఆట ఆగుతదా? పొద్దుగాల్నే వచ్చి నేను ముగ్గు పెడ్త."

"అది వాకిలి కాదే, గ్రౌండు."

"గ్రౌండంటే ఏంది, పెద్ద వాకిలి. మీ పోరలు అండ్ల కట్టెలు పట్టుకోని ఉరుకుతాన్రు, గంతే గదా."

తెల్లవారుతుండగానే ఇద్దరం పోయాం. పక్క గీతలన్నీ హాస్టల్ వంటింటి బూడిదతో పోశాం. గోల్ ముందుకు వచ్చేసరికి ఆమె బూడిద తట్ట పక్కన పెట్టింది.

"గోల్ కాడ బూడిద పోస్తరా ఎవలన్న? బూడిద పోస్తే బూడిదే వస్తది. నువ్వు జర పక్కకు జరుగు."

గోల్ చుట్టూ అర్ధచంద్రంలా ఒక గీత ఉంటుంది, సర్కిల్ అంటారు. హాకీలో దాని లోపలి నుంచి కొడితేనే గోల్. బయటి నుంచి కొట్టిన బంతి నేరుగా గోల్‌లోకి పోయినా లెక్కకు రాదు. ఆటంతా ఆ గీత మీదే ఉంటుందని ఆమెకు ఎన్నడూ చెప్పలేదు. ఆమె అడగనూ లేదు. గోల్ స్తంభానికి తాడు కట్టి కొలత చూపించాను. ఆమె ముందు పేడనీళ్లతో అలుకు చల్లింది, గీత వచ్చే చోటు దాటి ఇంకో రెండు మూరల దాకా. దాని మీద ఇంటి నుంచి తెచ్చిన నూకపిండితో వంగిన నడుము ఎత్తకుండా గీత పోసింది. రెండు వైపుల గోల్ దగ్గరా అంతే. గోల్ నడుమ ఒక చిన్న పద్మం కూడా వేయబోతే నేనే ఆపాను.

ఎనిమిదింటికి ఆట మొదలైంది. అవతలి జట్టు కరీంనగర్ వైపు కాలేజీ వాళ్లు. వాళ్ల కోచ్ ఒకప్పుడు ఫ్యాక్టరీ జట్టులో నా పక్కన ఆడినవాడు, సాయిబుల మనిషి. గ్రౌండు చూడగానే నవ్వాడు.

"ఏం భాయ్, ఆటకు పిలిచినవా, పెండ్లికి పిలిచినవా? అలుకు జల్లి ముగ్గులేసినవు!"

"ఓడిపోయి పోయేటప్పుడు బొట్టు గూడ పెట్టి పంపుతం," అన్నాను.

సగం ఆటకు చెరొక గోల్. విరామంలో అందరూ బావి దగ్గర నీళ్లు తాగుతుంటే వాచ్‌మన్ కోళ్లు గ్రౌండులోకి దిగాయి. పిల్లలు అదిలిస్తే పోయాయి. మళ్లీ వచ్చాయి. పిచ్చుకలు ఎట్లాగూ ఉన్నాయి. నేను మోకాలికి గుడ్డ బిగించుకుంటూ ఆ సంగతి పట్టించుకోలేదు. కోడి గ్రౌండులో ఏం తింటుందో ఆలోచించాల్సింది ఎవరు? నేనే.

తొమ్మిదీ పావుకు మా వాడు కొట్టాడు. గోల్ పలక మోగింది. మా పిల్లలు స్టిక్కులు గాలిలోకి విసిరారు. వాడైతే పరిగెత్తుకొచ్చి నన్ను ఎత్తుకోబోయాడు.

"కాకా, కప్పు మనదే!"

అవతలి పిల్లలు మాత్రం అంపైరు చుట్టూ మూగారు. "బయటికెల్లి కొట్టిండు సార్! సర్కిల్ అవతలికెల్లి!"

అంపైరు హసన్‌పర్తి బళ్లో పంతులు. నేల వైపు చూశాడు, మళ్లీ చూశాడు. ఎడమ పక్కన నాలుగడుగుల తెల్ల మరక తప్ప గీత లేదు. మిగతాదంతా కోళ్లు, పిచ్చుకలు తినేశాయి.

"గీత ఏడున్నదయ్యా?" అని నన్నే అడిగాడు.

మావాళ్లు లోపలన్నారు. వాళ్లు బయటన్నారు. రెండు జట్లూ మెడలు సాచి అరుచుకుంటున్నాయి. ప్రిన్సిపాల్ సారు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అప్పుడు వేపచెట్టు నీడలో కూర్చున్న మా ఆమె కొంగు దోపుకుంటూ వచ్చింది.

"గింత లొల్లేందయ్యా? గీత యాడికి పోలే. చీమలు కనవడ్తలేవా?"

అందరం వంగి చూశాం. కోళ్లు పైపిండి తిన్నాయి గానీ అలుకు పొరలో ఇరుక్కున్న నలుసులు మిగిలాయి. వాటి కోసం ఎర్రచీమలు బారు కట్టాయి. మధ్యమధ్య తొక్కిన చోట తెగి, మళ్లీ కలిసి, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఆమె పోసిన వంపులోనే పోతున్నాయి. ఇరవై ఇద్దరు ఆటగాళ్లు గొంతుక్కూర్చుని చీమలను చూడటం నేను మళ్లీ ఎన్నడూ చూడలేదు.

మావాడు బంతి కొట్టిన చోట స్టిక్కు గీరుకున్న మరక కూడా ఉంది. ఎండిన అలుకు పెచ్చులేచి, కింద ఎర్రమొరం కొత్తగా కనబడుతోంది. అది చీమల బారుకు అవతల, ఒక బెత్తెడు బయట ఉంది.

అంపైరు ఆ బెత్తెడు మీద తన చెయ్యి పెట్టి చూశాడు. లేచి మోకాళ్లు దులుపుకున్నాడు.

"గోల్ లేదు."

లెఫ్ట్ ఇన్ పిల్లవాడు మా ఆమె వైపు తిరిగాడు. "చిన్నమ్మా, ఎంత పని జేస్తివి!"

"నేనేం జేసిన్రా? గీత ఏడున్నదని సారు అడిగిండు. చూపిచ్చిన."

పక్కన అవతలి కోచ్ పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. "భాయ్, నీ జట్ల అందరికంటే మంచి ఆట వొదినెదే!"

మిగిలిన ఐదు నిమిషాల్లో ఎవరూ గోల్ కొట్టలేదు. ఇంకా ఆడిద్దామంటే వాళ్ల బస్సుకు టైమైంది. ఆ రోజుల్లో ఒక పద్ధతి ఉండేది, సమానమైతే కప్పు చెరి ఆరు నెలలు. ముందు ఎవరి దగ్గర అన్నదానికి బొమ్మా బొరుసూ వేశారు. అదీ ఓడిపోయాం. కప్పు వాళ్ల బస్సెక్కి పోయింది.

గ్రౌండు ఖాళీ అయ్యాక ఆమెకు విషయం చెప్పాను. ఆ గోల్ ఉంటే నా పని ఉండేదన్నాను. ఆమె బూడిద తట్ట నెత్తికెత్తుకుంది.

"నాకు ముందుగాల జెప్తే ఏమైతుండె?"

"చెప్తే? చీమలను చూపియ్యకపోదువా?"

"చూపిత్తుంటి," అంది. "గానీ నూకపిండి పెట్టకపోదును. గీత కనవడితే పోరడు లోపలికి పోయే కొడ్తుండె."

సోమవారం ప్రిన్సిపాల్ సారు గదిలోకి పోయాను. కమిటీ పెద్దమనిషి కూడా ఉన్నాడు.

"కప్పు తెమ్మంటిమి. తెచ్చిండా?" అన్నాడాయన.

"ఓడిపోలే గదా సార్," అన్నాడు ప్రిన్సిపాల్. "ఆరు నెలలైనంక కప్పు మన కాలేజీకి రావాలె. ఎవలన్న పోయి తేవాలె. మీరు పోతరా?"

పెద్దమనిషి కిటికీ వైపు చూశాడు. ప్రిన్సిపాల్ సారే అందుకున్నాడు.

"పోరు. మరి ఈయనే పోవాలె. అందాక ఉండనియ్యున్రి. తెచ్చినంక ఆరు నెలలు దాన్ని చూసుకునే మనిషి గుడ కావాలె గదా."

అట్లా నాకు ఏడాది దొరికింది, కప్పు రాకముందు సగం, వచ్చాక సగం. ఆ మొదటి సగంలోనే మా గోల్ కీపర్ నాకు అక్షరాలు దిద్దించాడు. బంతి అవతలి గోల్ దగ్గర ఉన్నంతసేపు వాడికి పనుండదు. స్తంభం పక్కన మొరం మీద వేలితో రాసి చూపేవాడు. బంతి ఇటు వస్తే పాదంతో చెరిపి లేచేవాడు. వానలు వెనకబట్టాక కప్పు తేవడానికి నేనే పోయాను. మా ఆమె ఇచ్చిన పాత చీరలో చుట్టి బస్సులో ఒళ్లో పెట్టుకుంటే కండక్టర్ అడిగాడు.

"ఏందన్నా అది, గంగాళమా?"

"నా ఉద్యోగం తమ్మీ," అన్నాను. వాడికి అర్థం కాలేదు. వరంగల్ టికెట్ కొట్టి ఇచ్చాడు. టికెట్ మీది ఊరి పేరు కూడబలుక్కుని చదివాను. ఆ నెల జీతానికి సంతకం పెట్టాను. వేలిముద్ర మాట ఇక కమిటీలో ఎవరూ ఎత్తలేదు. ఎనభైల చివర నా మోకాలే వద్దనేదాకా ఆ గ్రౌండు మీదే ఉన్నాను.

పేర్లు రాస్తే నేను మరచిపోయినవాళ్లకు కోపమొస్తుంది. ఆ రోజు అక్కడ ఉన్నది ఎవరెవరో మాత్రం చెప్తాను. బెత్తెడు బయట నుంచి కొట్టిన లెఫ్ట్ ఇన్, నా పంతులు గోల్ కీపర్, మా జట్టులో తక్కిన తొమ్మిది మంది. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన పదకొండు మంది, నవ్వు ఆపుకోలేని వాళ్ల కోచ్. హసన్‌పర్తి పంతులు, ఆయనతో వచ్చిన రెండో అంపైరు. కుర్చీలో ప్రిన్సిపాల్ సారు, గొడుగు కింద కమిటీ పెద్దమనిషి. సున్నం లేదన్న స్టోరు ఆయన, ఏమీ ఎరగనట్టు ముందు వరసలోనే కూర్చున్నాడు. హాస్టల్ వంటామె, వాచ్‌మన్, వాడి కోళ్లు. నేను. మా ఆమె.